మలేరియా కాదని తేలింది సరే, మరి ఆ జ్వరం ఏమిటి?

ఆఫ్రికా ఖండపు తూర్పున ఉన్న కెన్యా, ఉగాండా, టాంజానియా దేశాల్లో ఒళ్లు వేడెక్కిందంటే ఎవరికైనా ముందు తట్టేది మలేరియాయే. చలి, తలనొప్పి, ఒళ్లునొప్పులు తోడైతే ఇక సందేహమే ఉండదు. చాలామంది డాక్టరు దాకా వెళ్లరు. వీధి చివరి మందుల షాపులో మలేరియా బిళ్లలు కొని మింగి ఊరుకుంటారు. డాక్టర్లు కూడా ఎన్నో ఏళ్ల పాటు రక్తపరీక్షతో పనిలేకుండానే మలేరియా మందు రాసేవారు. చిన్నపిల్లల ప్రాణాలు గంటల్లో తీసే జబ్బు కాబట్టి ఆ తొందరను తప్పుపట్టలేం. అయితే ఆ అలవాటు వల్ల మిగతా జ్వరాలన్నీ మలేరియా అనే ఒక్క పేరు కింద దాగిపోయాయి. ఎంతగా దాగిపోయాయో తెలియాలంటే ఉత్తర టాంజానియాలోని మోషీ పట్టణంలో 2007-08లో జరిగిన పరిశోధన ఒక్కటి చాలు. తీవ్ర జ్వరంతో ఆస్పత్రిలో చేరిన 870 మంది పిల్లల్నీ పెద్దల్నీ లోతుగా పరీక్షించారు. వారిలో 528 మందికి, అంటే 60 శాతానికి పైగా, డాక్టర్లు మలేరియా అని రాశారు. నిజంగా మలేరియా వల్ల జ్వరం వచ్చినవారు 14 మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో, అనుమానం ఉన్న ప్రతి రోగికీ పరీక్ష చేసి, పరాన్నజీవి ఉందని తేలాకే మందు ఇవ్వాలని చెప్పింది. ఆ మాట అమలవుతున్న కొద్దీ ఇంకో ప్రశ్న ముందుకు వచ్చింది. మలేరియా కాదని తేలిన ఇంతమందికి వచ్చిన జ్వరం మరి దేనివల్ల?

దీనికి జవాబు ఒక్కటి కాదు. టైఫాయిడ్ లాంటి రక్త ఇన్ఫెక్షన్లు, ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్, పశువుల నుంచి వచ్చే క్యూ ఫీవర్, బ్రూసెల్లోసిస్, దోమల వల్ల వచ్చే చికున్‌గున్యా, ఇలా జాబితా పెద్దదే. ఆ జాబితాలో అందరి కళ్లూ తప్పించుకునేది మరొకటి ఉంది. అది ఒంట్లోకి కొత్తగా చేరిన హెచ్‌ఐవీ. హెచ్‌ఐవీ అనగానే మనకు గుర్తొచ్చేది ఏళ్ల తరబడి ఒళ్లు కృశించే జబ్బు. కానీ వైరస్ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి ఒక జ్వరం వస్తుంది. జ్వరంతో పాటు గొంతునొప్పి, ఒళ్లునొప్పులు, నీరసం, మెడ దగ్గర గ్రంథుల వాపు, కొందరికి ఒంటిమీద దద్దుర్లు, విరేచనాలు ఉంటాయి. ఒకటి రెండు వారాల్లో అన్నీ వాటంతట అవే తగ్గిపోతాయి. ఈ తొలి జబ్బును 1985లోనే ఆస్ట్రేలియా వైద్యులు వర్ణించారు. లక్షణాలు చూసి మాత్రం దీన్ని మలేరియా నుంచో, ఫ్లూ నుంచో విడదీసి చెప్పడం ఎంతటి అనుభవజ్ఞుడైన డాక్టరుకైనా సాధ్యం కాదు. మలేరియా బిళ్లలు వేసుకున్న మనిషికి జ్వరం తగ్గితే మందు పనిచేసిందనే అనుకుంటాడు. ఆ తర్వాత అయిదేళ్లో, పదేళ్లో వైరస్ తన ఉనికిని తెలియనివ్వదు. అంటే ఈ వైరస్ మనిషిని తనంతట తానుగా ఆస్పత్రి గుమ్మం దాకా నడిపించే సందర్భం, మొదట్లో, ఇదొక్కటే. ఆ రోజున మలేరియా లేదని చెప్పి పంపేస్తే ఆ అవకాశం మళ్లీ రాదు. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో జ్వరంతో వచ్చే యువతీయువకులకు హెచ్‌ఐవీ పరీక్ష కూడా అదే రోజు, అదే చోట, వారి సమ్మతితో చేయాలన్నది ఈ వ్యాసం వాదన.

పరీక్ష చేస్తే సరిపోదు, ఏ పరీక్ష అన్నది కూడా ముఖ్యం. ఊరూరా వాడే ర్యాపిడ్ కిట్లు వైరస్‌ను వెతకవు. వైరస్‌ను ఎదుర్కోవడానికి మన శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలను వెతుకుతాయి. అవి కిట్‌కు అందేంతగా తయారు కావడానికి సోకిన తర్వాత మూడు వారాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పడుతుంది. జ్వరం వచ్చేది సరిగ్గా ఆ లోపునే. వైరస్ తాలూకు జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ మాత్రం సోకిన పది, పన్నెండు రోజులకే రక్తంలో దొరుకుతుంది. మరో వారంలోపు పీ24 అనే వైరస్ ప్రోటీన్ కనిపిస్తుంది. యాంటీబాడీలు చివర వస్తాయి. ఈ మధ్యకాలాన్నే విండో పీరియడ్ అంటారు. దీనివల్ల విచిత్రమైన పరిస్థితి ఏర్పడుతుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో లక్షల సంఖ్యలో వైరస్ కణాలు ఉన్న రోజున మామూలు కిట్ ‘నెగటివ్’ అని చూపిస్తుంది. ఆ కాగితం చేతికొచ్చిన మనిషి నిశ్చింతగా ఇంటికెళతాడు. తూర్పు ఆఫ్రికాలోనూ థాయ్‌లాండ్‌లోనూ హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువగా ఉన్నవారికి వారానికి రెండుసార్లు రక్తపరీక్ష చేస్తూ వెళ్లిన ఒక పరిశోధన 2016లో వెలువడింది. వైరస్ రక్తంలో మొదట దొరికిన దాదాపు రెండు వారాలకు దాని సంఖ్య శిఖరానికి చేరుతుందనీ, జ్వరం లాంటి లక్షణాలు ఎక్కువగా ఆ శిఖరానికి కాస్త ముందే కనిపిస్తాయనీ అది చూపించింది. ఆర్‌ఎన్‌ఏ పరీక్ష అవసరం ఏమిటో ఈ కాలక్రమమే చెబుతోంది.

ఇదంతా ప్రయోగశాల లెక్క కాదు. జ్వరంతో వచ్చినవారిలో నిజంగా ఎంతమందికి తొలిదశ హెచ్‌ఐవీ ఉందో ఆఫ్రికాలోని మూడు దేశాల్లో వెతికి చూశారు. ఉగాండాలో మలేరియా అనుమానంతో వచ్చిన దాదాపు 2,900 మంది పెద్దలకు హెచ్‌ఐవీ పరీక్షలు చేసి 2010లో ఫలితాలు ప్రచురించారు. వారిలో సుమారు 3 శాతం మందికి వైరస్ కొత్తగా సోకినట్టు తేలింది. ఆ కొత్తవారిలో మూడోవంతు మందికి అప్పటికి యాంటీబాడీలే రాలేదు. వీరు కాక, పదిమందిలో ఒకరికి ఎప్పుడో సోకిన హెచ్‌ఐవీ ఉంది. అదే ఏడాది మొజాంబిక్‌లోని మనీసా పట్టణం నుంచి వచ్చిన నివేదిక ప్రకారం, జ్వరంతో వచ్చి యాంటీబాడీ పరీక్షలో తప్పించుకున్న పెద్దల్లోనూ సుమారు 3 శాతం మందికి తొలిదశ ఇన్ఫెక్షన్ ఉంది. కెన్యా తీరంలోని కిలిఫీ ప్రాంతంలో 18 నుంచి 29 ఏళ్ల మధ్య జ్వరపీడితులను చూసిన పరిశోధకులు 2014లో చెప్పింది మరింత ఆలోచింపజేస్తుంది. అక్కడ తొలిదశ హెచ్‌ఐవీ నూటికి ఒకరిలో దొరికింది. ఆ వయసువారిలో మలేరియా కూడా ఇంచుమించు అంతే అరుదుగా కనిపించింది. అంటే ఏ జబ్బుకోసం ప్రతి ఒక్కరి వేలికీ సూది గుచ్చుతున్నారో అది ఎంతమందికి ఉందో, ఎవరూ అడగని జబ్బూ అంతమందికి ఉంది.

నూటికి ఒకరు, ముగ్గురు అంటే చిన్న సంఖ్యలని అనిపించవచ్చు. వాటి బరువు తెలియాలంటే ఆ ఒక్కరి సంగతి తెలుసుకోవాలి. ముందు రోగి వైపు నుంచి చూద్దాం. రోగనిరోధక శక్తికి మూలమైన సీడీ4 కణాలు బాగా ఉన్నప్పుడే హెచ్‌ఐవీని అదుపు చేసే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టినవారికీ, ఆలస్యం చేసినవారికీ తేడా ఎంతో 2015లో వెలువడిన ‘స్టార్ట్’ అనే అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. ముందుగా మొదలుపెట్టిన వర్గంలో తీవ్రమైన జబ్బులు, మరణాలు 57 శాతం తక్కువ. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెచ్‌ఐవీ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందులివ్వాలని సిఫారసు చేసింది. తొలి వారాల్లోనే చికిత్స అందితే వైరస్ శరీరంలో దాచుకునే నిల్వలు కూడా తక్కువగా ఉంటాయి. ఇక సమాజం వైపు చూస్తే, రక్తంలో వైరస్ ఎంత ఎక్కువగా ఉంటే ఇతరులకు సోకే ప్రమాదం అంత ఎక్కువ. తొలిదశలో ఆ సంఖ్య గరిష్ఠంగా ఉంటుంది. తనకు జబ్బు ఉందని మనిషికి తెలియదు కాబట్టి జాగ్రత్త పడడు. మలావీ రాజధాని లిలోంగ్వే సమాచారం ఆధారంగా 2011లో వేసిన ఒక గణిత అంచనా ప్రకారం, అక్కడి ఇన్ఫెక్షన్లలో 38 శాతం, వైరస్ సోకి ఎంతో కాలం కానివారి నుంచే ఇతరులకు చేరుతున్నాయి. ఈ వాటా ఇంకా తక్కువేనని వాదించే శాస్త్రవేత్తలు ఉన్నారు. వారి లెక్కనే ఒప్పుకున్నా, కొద్ది వారాలు మాత్రమే ఉండే దశ తన నిడివికి మించి వ్యాధిని పంచుతోందన్నది నిజమే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. అందరికీ పరీక్షలు చేసి, పాజిటివ్ వచ్చిన అందరికీ మందులిస్తే చాలదా, జ్వరాల వెంట పడడం ఎందుకు? మందులు సక్రమంగా వాడేవారి నుంచి వైరస్ ఇతరులకు దాదాపుగా సోకదని 2011లో ‘హెచ్‌పీటీఎన్ 052’ పరిశోధన నిరూపించింది కనుక ఈ మాటను తీసిపారేయలేం. అయితే ఆ మార్గం ఎంతవరకు తీసుకెళుతుందో కూడా పరీక్షించి చూశారు. జాంబియా, దక్షిణాఫ్రికాల్లో దాదాపు పది లక్షల జనాభా ఉన్న 21 ప్రాంతాల్లో ‘పాప్‌ఆర్ట్’ పేరుతో పరిశోధన జరిపి, వాటిలో 14 చోట్ల ఇంటింటికీ వెళ్లి హెచ్‌ఐవీ పరీక్షలు చేశారు, చికిత్సకు పంపారు. 2019లో ఫలితాలు వచ్చాయి. మిగతా ప్రాంతాలతో పోలిస్తే అక్కడ కొత్త ఇన్ఫెక్షన్లు సుమారు 20 శాతం తగ్గాయి. అది చెప్పుకోదగ్గ విజయమే, కానీ మిగతా 80 శాతం అలాగే ఉన్నాయి. ఏడాదికోసారి ఇంటికొచ్చే పరీక్ష, ఆ రెండు సందర్శనల మధ్య వైరస్ సోకి, ఆ మధ్యలోనే మరొకరికి అంటించినవారిని పట్టుకోలేదు. పైగా పగలు ఇంట్లో దొరకని యువకులు, వలస కూలీలు ఇలాంటి కార్యక్రమాలకు అందరు. అదే యువకులు జ్వరం వస్తే మాత్రం తామే క్లినిక్‌కు వస్తారు. కాబట్టి ఇంటింటి పరీక్ష, జ్వరం రోజు పరీక్ష ఒకదానికొకటి పోటీ కావు. మొదటిదాని వలలోంచి జారిపోయేవారిని రెండోది పట్టుకుంటుంది.

రెండో అభ్యంతరం ఖర్చు. ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ర్యాపిడ్ కిట్ కంటే ఎన్నో రెట్లు ఖరీదు. జ్వరం ఉన్న వందమందికి చేస్తే ఒకరు దొరికేచోట, మలేరియా కిట్లకే నిధులు చాలని ప్రభుత్వాలు దాన్ని ఎలా భరిస్తాయి? ఈ ప్రశ్నకు పరిశోధకులు రెండు జవాబులు వెతికారు. ఒకటి, అందరికీ కాకుండా అవకాశం ఎక్కువ ఉన్నవారిని ముందుగా ఎంచుకోవడం. ఆఫ్రికాలో పనిచేసినవారు 2015లో ఒక చిన్న మార్కుల పట్టిక తయారుచేశారు. వయసు 18-29 మధ్య ఉందా, జ్వరం, నీరసం, ఒళ్లునొప్పులు, విరేచనాలు, గొంతునొప్పి ఉన్నాయా, మర్మాంగాల దగ్గర పుండు ఉందా అని నర్సు అడిగితే చాలు. పుండుకు మార్కులు ఎక్కువ, మిగతావాటికి తక్కువ. నిర్ణీత మార్కులు దాటినవారికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. రెండోది, రక్తనమూనాలను కలిపి పరీక్షించడం. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో 2002-03లో ఇలా చేశారు. ఏడాదిలో 1,09,250 మంది పరీక్షకు రాగా, యాంటీబాడీ పరీక్షకు దొరకని 23 మంది ఈ పద్ధతిలో బయటపడ్డారు. చాలామంది నమూనాలు కలిపి ఒకేసారి చూసి, వైరస్ ఉన్న గుంపునే విడదీసి మళ్లీ చూస్తారు కనుక మనిషికయ్యే ఖర్చు బాగా తగ్గుతుంది. అక్కడ ఫలితం రావడానికి రోజులు పట్టేది. క్షయ నిర్ధారణ కోసం ఆఫ్రికాలో ఇప్పటికే నెలకొల్పిన జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రాల్లో ఇప్పుడు హెచ్‌ఐవీ ఆర్‌ఎన్‌ఏను గంటన్నరలో చూడవచ్చు. ఉన్న యంత్రానికి కొత్త పని అప్పగిస్తే, కొత్త యంత్రం కొనే ఖర్చు తప్పుతుంది.

ఈ పద్ధతిని అచ్చంగా క్లినిక్‌లోనే పరీక్షించి చూసినది కెన్యా తీరంలో 2017 నుంచి 2020 దాకా నడిచిన ‘తంబువా మపేమా ప్లస్’ కార్యక్రమం. మొంబాసా, కిలిఫీ ప్రాంతాల క్లినిక్‌లకు జ్వరం లాంటి లక్షణాలతో వచ్చిన యువతీయువకులకు, మార్కుల పట్టిక చూసి, అక్కడికక్కడే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేశారు. మామూలు పద్ధతిలో నడిచిన కాలంతో పోలిస్తే, కొత్తగా హెచ్‌ఐవీ బయటపడినవారు ఎక్కువ. అందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. వారిలో ఎక్కువమందిది తొలిదశ కాదు. ఎప్పుడో సోకి, తమకు తెలియకుండానే మోస్తున్న ఇన్ఫెక్షన్. విమర్శకులు దీన్నే చూపి, ఖరీదైన పరీక్ష వల్ల దొరికినది మామూలు కిట్‌కూ దొరికేదే కదా అంటారు. నిజమే. కానీ ఆ మామూలు కిట్ ఆ క్లినిక్‌ల్లో అప్పటికే ఉంది. వాడమని ఆదేశమూ ఉంది. అయినా జ్వరంతో వచ్చినవారికి దాన్ని వాడటం లేదు. జ్వరం అనే సందర్భాన్ని హెచ్‌ఐవీ పరీక్షకు కారణంగా గుర్తించడం వల్లే పాతవీ కొత్తవీ రెండూ బయటపడ్డాయి. అందుకే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయగల స్తోమత లేనిచోట కూడా ఈ వాదన బలం తగ్గదు. ముందు కనీసం మామూలు కిట్‌తో మొదలుపెట్టాలి.

ఖరీదైన పరీక్షకు బదులు, యాంటీబాడీతో పాటు పీ24ను కూడా పట్టుకునే నాలుగో తరం ర్యాపిడ్ కిట్ చాలదా అని మరికొందరు అడుగుతారు. కాగితం మీద ఇది మంచి మధ్యేమార్గం. లిలోంగ్వేలో నిజమైన రోగుల మీద అలాంటి కిట్‌ను వాడి 2012లో ప్రచురించిన ఫలితం మాత్రం నిరాశ కలిగించింది. దాని యాంటిజెన్ భాగం తొలిదశ కేసులను పట్టుకోలేకపోయింది. ప్రయోగశాల యంత్రాల మీద చేసే నాలుగో తరం పరీక్షలు దీనికంటే ఎంతో మెరుగు, కానీ అవి పల్లె క్లినిక్‌లో ఉండవు. ఇక మిగిలింది, నెల తర్వాత మళ్లీ వచ్చి పరీక్ష చేయించుకోమని చెప్పడం. ఇది చౌక, తప్పక చెప్పాల్సిన మాట. అయితే జ్వరం తగ్గిన మనిషి నెల తర్వాత పని మానుకుని తిరిగి రావడం ఎంత కష్టమో ఏ ఆస్పత్రి రిజిస్టరు చూసినా తెలుస్తుంది. వచ్చినా, ఆ నెలలో జరగాల్సినది జరిగిపోతుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. హెచ్‌ఐవీ సోకకుండా ముందుగా వేసుకునే ప్రెప్ మాత్రలు ఇప్పుడు ఆఫ్రికాలో విరివిగా ఇస్తున్నారు. తొలిదశలో ఉండి, కిట్‌లో నెగటివ్ వచ్చిన మనిషికి ఈ మాత్రలు ఇస్తే, వాటిలో ఉండే రెండు మందులకే వైరస్ లొంగకుండా మొండికేయవచ్చు. జ్వరం ఉన్నవారికి ప్రెప్ మొదలుపెట్టే ముందు ఆర్‌ఎన్‌ఏ చూడటానికి ఇది మరో కారణం.

అన్నిటికంటే సున్నితమైన అభ్యంతరం మనిషి గౌరవానికి సంబంధించినది. జ్వరమని వచ్చినవారిని హెచ్‌ఐవీ గురించి అడిగితే అవమానంగా భావించరా? భయపడి క్లినిక్‌కు రావడమే మానేస్తే మలేరియా చికిత్స కూడా దెబ్బతినదా? ఈ భయం న్యాయమైనదే. చెప్పకుండా రక్తం తీసి పరీక్షించడం, అందరి ముందూ ఫలితం చెప్పడం వంటివి జరిగితే ఈ కార్యక్రమం మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుంది. పరిష్కారం పరీక్ష మానేయడంలో లేదు, అడిగే తీరులో ఉంది. ‘మీకు మలేరియా లేదు. ఇలాంటి జ్వరం చాలా కారణాల వల్ల వస్తుంది. వాటిలో హెచ్‌ఐవీ ఒకటి. మీ వయసువాళ్లందరికీ ఈ పరీక్ష చేస్తున్నాం, మీకూ చేయమంటారా?’ అని అడిగితే అనుమానం మనిషి నడవడిక మీద నుంచి జ్వరం మీదకు మారుతుంది. కొందరినే ఎంచి అడగడం కంటే ఒక వయసువారందరినీ అడగడం వల్ల వేలెత్తి చూపడం తగ్గుతుంది. వద్దనే హక్కు రోగికి ఉండాలి. వద్దన్నందుకు జ్వరం చికిత్సలో లోటు రాకూడదు. పాజిటివ్ వస్తే మరో పరీక్షతో ఖరారు చేసుకున్నాకే చెప్పాలి, చెప్పిన రోజే మందులు అందాలి, భాగస్వామికి ఎలా చెప్పాలో కౌన్సెలర్ తోడు నిలవాలి. ఇవేవీ లేకుండా పరీక్ష ఒక్కటే పెడితే అది సగం పని.

ఈ చర్చ తెలుగు నేలకు ఎంతవరకు వర్తిస్తుందన్నది విడిగా చూడాలి. ఇక్కడి పరిస్థితి కెన్యా తీరం లాంటిది కాదు. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో వయోజనుల్లో హెచ్‌ఐవీ 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. దేశ సగటుకు రెండు మూడు రెట్లు ఎక్కువైనా, కెన్యాతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి వానాకాలంలో జ్వరంతో వచ్చే ప్రతి ఒక్కరికీ ఇక్కడ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయమనడం వృథా ఖర్చు. కానీ అక్కడ మలేరియా అనే పేరు చేసిన పనిని ఇక్కడ టైఫాయిడ్ అనే పేరు చేస్తోంది. నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే ఒక్క వైడాల్ పరీక్షతో టైఫాయిడ్ అని తేల్చేసి, యాంటీబయాటిక్ సెలైన్‌లో ఎక్కించే అలవాటు మన ఊళ్లలో ఉంది. వైడాల్ ఒక్కదాని మీద ఆధారపడకూడదని వైద్యులే ఎంతో కాలంగా చెబుతున్నారు. డెంగీ, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ కావని నమ్మకంగా తేలిన జ్వరం ఒక యువకుడికో యువతికో ఉండి, దద్దుర్లు, గొంతునొప్పి, గ్రంథుల వాపు కూడా ఉంటే, గత నెలలో రక్షణ లేని సంబంధం ఏదైనా ఉందా అని డాక్టరు ఏకాంతంగా, మర్యాదగా అడగాలి. ఉందంటే దగ్గరలోని ఐసీటీసీకి, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రానికి, పంపాలి. నెగటివ్ వచ్చినా నెలకు మళ్లీ రమ్మని రాసివ్వాలి. ఐసీటీసీలో పరీక్ష ఉచితం. రోగి సమ్మతి లేకుండా పరీక్షించడానికీ, ఫలితాన్ని బయటపెట్టడానికీ 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఒప్పుకోదు. 1097 నంబరుకు ఫోన్ చేసినా ఉచితంగా సలహా దొరుకుతుంది.

ఆఫ్రికా అనుభవం మనకూ వారికీ నేర్పేది ఒక్కటే. ‘ఇది మలేరియా కాదు’ అనే ఫలితంతో వైద్యుడి పని ముగియదు, రెండో ప్రశ్న అడగాల్సిన బాధ్యత అక్కడే మొదలవుతుంది. మలేరియా కిట్ల మీద ప్రపంచం పెట్టిన డబ్బు తప్పుడు చికిత్సలను ఆపింది, మందులు పనిచేయకుండా పోయే ముప్పును తగ్గించింది. అదే కిట్ ఇప్పుడు మరో మేలు కూడా చేయగలదు. నెగటివ్ వచ్చిన ప్రతి జ్వరం వెనుక ఒక కారణం ఉందని గుర్తుచేసి, ఆ కారణాన్ని వెతికే అవకాశాన్ని ఇస్తోంది. కెన్యా, ఉగాండా, మొజాంబిక్‌ల్లో మలేరియా పరీక్ష చేసే టేబుల్ మీదే హెచ్‌ఐవీ కిట్ ఉంచడానికి పెద్ద భవనాలు అక్కర్లేదు. మార్కుల పట్టిక ఒక కాగితం, నేర్చుకోవడానికి ఒక పూట. ఆర్‌ఎన్‌ఏ పరీక్షకు దగ్గరలోని యంత్రం దాకా నమూనా పంపే ఏర్పాటు ఉంటే చాలు. అవసరమైనది ప్రభుత్వాలు, దాతలు మలేరియా కార్యక్రమాన్నీ హెచ్‌ఐవీ కార్యక్రమాన్నీ వేర్వేరు పద్దుల్లో, వేర్వేరు గదుల్లో నడపడం మానుకోవడం. జ్వరంతో వచ్చిన మనిషి ఒక్కడే. అతన్ని రెండు కార్యక్రమాలుగా విడదీసి చూసినంత కాలం, వైరస్ తనను తాను బయటపెట్టుకున్న ఆ ఒక్క వారాన్ని మనం పోగొట్టుకుంటూనే ఉంటాం.